చిత్రకథలయందు వర్తమానకాలము

పాణినీయమునఁ బ్రేరణార్థకమును విధించు సూత్రమునకు (3-1-26) భాష్యము చెప్పుచు, క్రీ.పూ. 2వ శతాబ్దివాఁడగు పతంజలి యొక శంకను జర్చించెను. కంసుఁడు హతుఁడై చిరకాలమైనది. బలి బద్ధుఁడై చిరకాలమైనది. అట్లుండఁగా, వారి కథలను జెప్పువారు కంసుని నిప్పుడే చంపించుచున్నట్లు లోకులు వర్తమానమునఁ బలుకుట యెట్లు పొసఁగును? దీనికి సమాధానముగా నాతఁడు మూఁడు తావులఁ జూపెను. వధను రంగమునఁ బ్రదర్శించువారు కన్నులయెదుటనే చంపింతురు. చిత్రములందు ఎత్తిన దెబ్బయుఁ, బడుచున్న దెబ్బయుఁ, గంసుని నీడ్చుటయుఁ గనఁబడును. గ్రంథికులు మాటలచేతనే వినువారి బుద్ధియందుఁ గథను నిలుపుదురు. కావున వర్తమానము యుక్తమే. బొమ్మకుఁ గాలము కలదనియు, నది వ్యాకరణమునఁ జర్చింపఁదగినదనియు నాఁడే గుర్తింపఁబడుట గమనింపఁదగినది.

పటముఁ జూపి కథ చెప్పువారు సంస్కృతనాటకములందును గానవత్తురు. ముద్రారాక్షసమున చాణక్యుని చారుఁడు యమపటము చేతఁబూని తిరుగును. తెలంగాణమున నీ సంప్రదాయమునకు మిగిలిన రూపము నకాషీ పటము. నేఁడు సిద్ధిపేట జిల్లాలోనున్న చేర్యాల చిత్రకారులు ముతకగుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల జిగురును బట్టించి, యెఱ్ఱని నేలపైఁ గథను వరుసలుగా వ్రాయుదురు. వరుసకును వరుసకును నడుమఁ బూలతీఁగ యంచు నిలుచును. పద్మశాలీల కులకథను గూనపులివారును, ముదిరాజులకుఁ బాండవకథను గాకిపడగలవారును ఇట్టి పటములతోఁ జెప్పుచు వచ్చిరి. చుట్టిన పటము కొంచెము కొంచెముగా విప్పఁబడును. కథకుఁడు చూపిన బొమ్మయందే చూపఱుల దృష్టి నిలుచును. ఏది చూపవలెను, ఏది దాఁచవలెను, దేని తరువాత నేది రావలెను అను క్రమమే యీ విద్యకుఁ బ్రాణము. చలనచిత్రమునకును నదియే ప్రాణము.

ఇందూరను పూర్వనామముగల నిజామాబాదు ప్రాంతమునఁ బద్మశాలీలు విస్తారముగా నున్నారు. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తియైన పిదప నిచట చెఱకుసాగు పెరిఁగెను; 1937లో బోధను చెంత శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపఁబడెను. కోస్తా మండలములనుండి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొనిరి. కర్మాగారము 2015లో మూఁతపడినను, తెలుఁగు, ఉర్దూ, మరాఠీ మాటాడువారు కలసియుండుట బోధనునకు సహజముగానే నిలిచినది. ఇంట వేఱువేఱు భాషలుగల బాలబాలికలకు బడిలోని యాంగ్లము పరభాష. బొమ్మ మాత్రము అందఱిది.

2014లో పదవ తరగతికి వచ్చిన యాంగ్లవాచకమునఁ జలనచిత్రములను, నాటకరంగమును గుఱించిన యొక భాగము చేర్చఁబడెను. సత్యజిత్ రాయిని గుఱించి గుల్జారు వ్రాసినదియు, మాయాబజారును గుఱించినదియు, నటి సావిత్రిని గుఱించినదియు నందలి పాఠములు. చలనచిత్రము విద్యావిషయముగా నంగీకరింపఁబడుటకు నిది గుర్తు. అయినను ముద్రితపాఠము చిత్రమును గుఱించి చెప్పఁగలదు గాని, చిత్రమును గదలించి చూపలేదు.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఆంగ్లమునఁ జలనచిత్రకథను సంగ్రహించునపుడు వర్తమానక్రియను వాడుట శిష్టాచారము. 1957 నాఁటి మాయాబజారులో శశిరేఖ ప్రియదర్శిని పేటికను దెఱచి యభిమన్యునిఁ జూచును. చిత్రము పాతది, కథ ద్వాపరమునాఁటిది; కావున "చూచెను" అని వ్రాయు విద్యార్థి తర్కము నిరాధారము కాదు. అది తప్పని దిద్ది, కారణము చెప్పకున్నచో నియమము కంఠపాఠమై మిగులును. కారణము పతంజలి చెప్పినదే. చిత్రము నడచినపుడెల్ల శశిరేఖ పేటికలోనికి నప్పుడే చూచుచున్నది. జరిగిన కాలము వేఱు, కనఁబడు కాలము వేఱు.

ఈ భేదమును దెలుపుటకుఁ బటముకంటె సులభమైన సాధనము లేదు. ఒక వరుస విప్పి యేమి జరుగుచున్నదని యడిగినచో, బాలుఁడు తనభాషలోఁ దానే వర్తమానమున బదులు చెప్పును. అటుపిమ్మట చలనచిత్రమునకును, ఆంగ్లమునకును బోవుట సుకరము. కాని పటకథకు లరుదైరి; నకాషీ చిత్రములు నేఁడు చిన్నచిన్న తునుకలై గృహాలంకారములుగా నమ్ముడగుచున్నవి. పటము గోడకెక్కినచో బొమ్మ మిగులును, క్రమము పోవును. ఆ క్రమము నెఱిఁగినవారుండఁగానే పాఠశాలలు వారిని బిలిచి కథ చెప్పించుట యుక్తము. అంగడిలోఁ గొన్న బొమ్మవలన నీ విద్య మరల రాదు.