‘ఆసోన్’ నుండి ‘హాని’ వరకు: ప్రాణహరణంపై యూద, క్రైస్తవ ధర్మదృష్టులు

పీఠిక

హత్య పాపమనడంలో యూద, క్రైస్తవ మతాల మధ్య భేదం లేదు. నిషేధానికి లోబడే హత్య ఏది, దాని పరిధికి వెలుపల నిలిచే ప్రాణహరణం ఏది అన్నచోటనే ధర్మశాస్త్ర చర్చ మొదలవుతుంది. రెండు మతాలూ మోషే ధర్మశాస్త్రాన్ని దైవదత్తంగా అంగీకరించాయి. ఒకే ఆజ్ఞను, ఒకే శిక్షాస్మృతిని వారసత్వంగా పొందాయి. అయినా మరణశిక్ష, గర్భస్రావాల విషయంలో అవి నడిచిన దారులు వేరు. యూద శాస్త్రకారులు మరణదండనను గ్రంథంలో నిలిపి ఆచరణలో దాదాపు అసాధ్యం చేశారు. తల్లి ప్రాణరక్షణకై గర్భస్థ పిండాన్ని తొలగించడాన్ని అనుమతించారు. క్రైస్తవ సంఘంలోని ప్రధాన శాఖలు శతాబ్దాలపాటు రాజ్యానికి ప్రాణం తీసే హక్కు ఉన్నదని బోధించాయి. గర్భస్రావాన్ని మాత్రం తొలి కాలంనుండి పాపంగా ఎంచాయి.

ఒక మతం ప్రాణానికి ఎక్కువ విలువ ఇచ్చిందని, మరొకటి తక్కువ ఇచ్చిందని చెప్పి ఈ భేదాన్ని వివరించలేము. ధర్మగ్రంథంలోని కొన్ని పదాలను ఎవరు ఏ భాషలో చదివారు, తీర్పు చెప్పే అధికారం ఏ కాలంలో ఎవరి చేతిలో ఉన్నది అన్న రెండు చారిత్రక విషయాలు దీనికి ముఖ్య కారణాలని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

ఆజ్ఞలోని క్రియాపదం

నిర్గమకాండము 20వ అధ్యాయంలోను, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయంలోను వచ్చే పది ఆజ్ఞలలో హత్యానిషేధం ఒకటి. యూదులు, ప్రొటెస్టంట్లలో అధిక సంఖ్యాకులు దీనిని ఆరవ ఆజ్ఞగా లెక్కిస్తారు. కతోలికులు, లూథరన్లు ఐదవదిగా లెక్కిస్తారు. అందుచేత తెలుగు నేలపై గుంటూరు లూథరన్లకు ఐదవదైన ఆజ్ఞ ఒంగోలు బాప్టిస్టులకు ఆరవది.

హీబ్రూలో చంపడాన్ని చెప్పే క్రియలు అనేకం. యుద్ధంలో చంపడానికైనా, పశువును చంపడానికైనా వాడదగిన సాధారణ క్రియ ‘హారగ్’. ఆజ్ఞలో ఉన్నది అది కాదు, ‘రాత్సహ్’. మనిషి ప్రాణం తీసిన సందర్భాలకే ఇది పరిమితం. కాని దీనిని కేవలం బుద్ధిపూర్వక హత్యగా భావించడం కూడ సరికాదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయంలో పొరపాటున ప్రాణం తీసి ఆశ్రయపురానికి పారిపోయినవానికి ఇదే ధాతువు వర్తిస్తుంది. అదే అధ్యాయం 30వ వచనంలో సాక్షుల మాటపై హంతకునికి విధించే మరణానికి సైతం ఇదే క్రియ కనిపిస్తుంది. అంటే మూలపదం హత్యకంటె విశాలం, వధకంటె సంకుచితం.

అనువాదాలలో ఈ పరిధి మారుతూ వచ్చింది. లాటిన్ వల్గేటులో జెరోము చంపడమనే సామాన్యార్థం గల ‘ఒక్కిదెరె’ క్రియను వాడాడు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదమూ చంపడమనే అర్థంలోనే నడిచింది. 1885 నాటి సవరణ దానిని చట్టవిరుద్ధమైన హత్యకు కుదించింది. తెలుగు బైబిలు ‘నరహత్య’ అన్నది. ‘నర’ శబ్దంవల్ల పశుహింస ప్రసక్తి తొలగింది. ‘హత్య’ శబ్దంవల్ల నేరమనే ధ్వని చేరింది. న్యాయస్థానం అమలు జరిపించే ఉరిశిక్షను తెలుగులో సాధారణంగా హత్య అనరు. అహింసాధర్మం సుపరిచితమైన దేశంలో ఈ ఆజ్ఞ సర్వభూతాహింసగా పరిణమించకపోవడానికి ఆ ఒక్క సమాసం చాలినంత కాపలా కాసింది.

మరణశిక్ష: గ్రంథం, సాక్ష్యం

హత్యను నిషేధించిన ధర్మశాస్త్రమే అనేక నేరాలకు మరణాన్ని విధించింది. తల్లిదండ్రులను కొట్టడం, మనుష్యులను దొంగిలించి అమ్మడం, విశ్రాంతిదినాన్ని మీరడం వాటిలో కొన్ని. నరుని రక్తం చిందించినవాని రక్తం నరునిచేతనే చిందింపబడాలన్న ఆదికాండము 9వ అధ్యాయంలోని విధి, మనిషి దేవుని స్వరూపంలో సృజింపబడ్డాడన్న హేతువుతో ముడిపడి ఉంది. శిక్షకు ఆధారమైన ఈ హేతువే రబ్బీల చేతిలో శిక్షపై సంశయానికి కూడ ఆధారమైంది. హంతకుడు సైతం దైవస్వరూపుడే గదా అన్న ఆలోచన వారిని వెన్నాడింది.

సుమారు క్రీ.శ. 200లో సంకలితమైన మిష్నా ఈ సంశయాన్ని న్యాయవిధానంగా మలచింది. ప్రాణదండనకు సంబంధించిన అభియోగాన్ని 23 మంది న్యాయాధిపతులు విచారించాలి. నిర్దోషి అని ప్రకటించడానికి ఒక్కరి ఆధిక్యం చాలు. దోషి అనడానికి ఇద్దరి ఆధిక్యం కావాలి. విడుదల తీర్పును ఆనాడే ఇవ్వవచ్చు. మరణ తీర్పును మరునాటికి వాయిదా వేయాలి. కనీసం ఇద్దరు ప్రత్యక్షసాక్షులు ఉండాలి. నేరానికి ముందు నిందితుని హెచ్చరించి ఉండాలన్న నియమం కూడ రబ్బీల శాస్త్రంలో స్థిరపడింది. కత్తి పట్టుకొని ఒకడు మరొకని వెంట పాడుబడిన ఇంటిలోకి పరుగెత్తడం చూసినా, రక్తమోడుతున్న కత్తితో వాడు ఎదురుపడినా, లోపల శవం కనిపించినా, దెబ్బ పడటం కళ్లారా చూడనివాడు సాక్షి కాడని తల్మూదు అంటుంది. న్యాయాధిపతులందరూ ఏకగ్రీవంగా దోషి అన్నపుడు నిందితుని విడిచిపెట్టాలన్న అభిప్రాయం కూడ అందులో ఉంది. అతని పక్షాన ఒక్కడైనా ఆలోచించలేదంటే విచారణ సక్రమంగా జరగలేదని అనుమానించవలసి వస్తుంది.

ఏడేళ్లలో ఒక్కని చంపించిన న్యాయసభను నాశకసభ అంటారని మిష్నాలోని మక్కోత్ ప్రకరణం చెబుతుంది. ఎలియాజరు బెన్ అజర్యా ఆ గడువును డెబ్బయి ఏళ్లకు పెంచాడు. తాము సభలో ఉండి ఉంటే ఒక్కనికి కూడ మరణం విధింపబడేది కాదని తర్ఫోను, అకీబా అన్నారు. దానికి షిమోను బెన్ గమలీయేలు, అలాచేసి ఉంటే ఇశ్రాయేలులో రక్తపాతకులు పెరిగేవారని బదులిచ్చాడు. దయాపక్షం ఎంత ప్రసిద్ధమైనా, ప్రతిపక్షాన్ని సంకలనకర్తలు చెరిపివేయక చివరిమాటగా నిలపడం గమనార్హం.

ఈ చర్చ జరిగిన కాలం కూడ ముఖ్యమే. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమైంది. దానికి నలభై ఏళ్ల ముందే న్యాయసభ ప్రాణదండన విచారణలు మానినదని తల్మూదు సంప్రదాయం. తర్ఫోను, అకీబాల నాటికి ప్రాణాధికారం రోము చేతిలో ఉంది. చంపే అధికారం లేనివారు చంపరాదనడం సులభమని ఆక్షేపించవచ్చు. అయితే యూదరాజ్యం మళ్లీ ఏర్పడిన తరువాత కూడ ఈ సంకోచం కొనసాగింది. ఇశ్రాయేలు 1954లో సాధారణ హత్యకు మరణశిక్షను రద్దుచేసింది. యూదజాతి నిర్మూలనలో పాత్ర వహించిన అడాల్ఫ్ ఐఖ్‌మన్‌ను 1962లో ఉరితీయబోయినపుడు, శిక్షను ఆపవలసిందిగా తత్త్వవేత్త మార్టిన్ బూబరు కోరాడు. ఆ విన్నపం ఫలించలేదు.

రాజదండం, క్రైస్తవ సంఘం

క్రైస్తవ సంఘచరిత్ర దీనికి ఎదురుదిశలో నడిచింది. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు హత్యానిషేధాన్ని కోపంవరకు విస్తరింపజేసి, ప్రతీకారన్యాయాన్ని తోసిపుచ్చాడు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయంలో పాలకుడు ఖడ్గాన్ని వ్యర్థంగా ధరించడని అన్నాడు. ఈ రెండు బోధల మధ్య సంఘం నలిగింది. తొలి శతాబ్దాలలో క్రైస్తవులు ఖడ్గానికి గురయ్యేవారేగాని దానిని ధరించేవారు కారు. సుమారు క్రీ.శ. 177లో అథెనగొరాసు రోము చక్రవర్తులకు సమర్పించిన విజ్ఞాపనలో, న్యాయంగా విధించిన మరణాన్ని సైతం క్రైస్తవులు చూచి సహింపలేరని, మందులతో గర్భం పోగొట్టుకోవడాన్ని వారు హత్యగా ఎంచుతారని ఒకేచోట వాదించాడు. లక్తాంతియసు మరణశిక్షకు దారితీసే నేరారోపణ చేయడమే తగదన్నాడు.

నాల్గవ శతాబ్దంలో సామ్రాజ్యం క్రైస్తవమైంది. న్యాయాధిపతులూ, సైనికులూ సంఘసభ్యులయ్యారు. అగస్టీను ‘దైవనగరం’లో, చట్టం ప్రకారం మరణం విధించే అధికారి హత్యానిషేధాన్ని మీరినట్లు కాదని సమాధానం కూర్చాడు. అయినా అధికారులకు వ్రాసిన లేఖలలో నేరస్థులను చంపవద్దని ప్రాధేయపడ్డాడు. సిద్ధాంతంలో అంగీకారం, ఆచరణలో విజ్ఞాపన అతని వైఖరి. పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాస్, కుళ్లిన అవయవాన్ని దేహక్షేమానికై ఖండించినట్లే సంఘక్షేమానికై నేరస్థుని తొలగించవచ్చునన్నాడు. లూథరు, కాల్విను సంస్కర్తలైనా ఈ అంశంలో పాత మార్గాన్ని వీడలేదు. 1527లో ష్లైట్‌హైములో సమావేశమైన అనబాప్టిస్టులు, ఖడ్గం లోకపాలనకు దైవనియమితమే అయినా క్రీస్తు పరిపూర్ణతకు వెలుపలిదని, విశ్వాసి దానిని చేపట్టరాదని తీర్మానించారు. ఆ మాట అన్నవారు అధికారం లేనివారు, తరచు దండనకు గురయినవారు.

పోపుల లౌకికరాజ్యంలో మరణశిక్షలు పందొమ్మిదో శతాబ్దంలోనూ అమలయ్యాయి. 1870లో ఆ రాజ్యం అంతరించింది. 1995లో రెండవ జాన్‌పాల్ ‘జీవన సువార్త’ పేరిట వెలువరించిన లేఖ, మరణశిక్ష అవసరమయ్యే సందర్భాలు దాదాపు లేవని ప్రకటించింది. 2018లో పోపు ఫ్రాన్సిస్ ధర్మోపదేశ గ్రంథం 2267వ పేరాను సవరింపజేసి, మరణశిక్ష ఆమోదయోగ్యం కాదన్నాడు. ప్రొటెస్టంట్ శాఖల అభిప్రాయం ఏకరూపం కాదు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సమ్మేళనం 2000లో మరణశిక్షను సమర్థిస్తూ తీర్మానించింది.

‘ఆసోన్’: ఒక పదం, రెండు పాఠాలు

గర్భస్థ పిండంపై చర్చకు నిర్గమకాండము 21:22-25 మూలస్థానం. ఇద్దరు పోట్లాడుతుండగా గర్భవతికి దెబ్బ తగిలి గర్భం పోతే, ‘ఆసోన్’ జరగనపుడు కొట్టినవాడు నష్టపరిహారం చెల్లించాలి. జరిగినపుడు ప్రాణానికి ప్రాణం ఇవ్వాలి. ‘ఆసోన్’ అంటే కీడు, ఆపద. హీబ్రూ బైబిలులో ఈ పదం ఐదుసార్లే వస్తుంది. రెండు ఈ ప్రకరణంలోనివి. తక్కిన మూడూ బెన్యామీనుకు దారిలో ఏ ఆపద వస్తుందోనన్న యాకోబు భయానికి సంబంధించినవి. ఆపద ఎవరికో మూలం స్పష్టంగా చెప్పదు. రబ్బీలు దానిని తల్లి మరణంగా గ్రహించారు. అప్పుడు పిండనష్టానికి ధనం, తల్లి ప్రాణానికి ప్రాణం.

క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ప్రారంభమైన సెప్టువజింట్ అనే గ్రీకు అనువాదం ఇక్కడ వేరే పాఠాన్ని ఇచ్చింది. బయటపడిన శిశువుకు రూపం ఏర్పడకపోతే పరిహారం, ఏర్పడి ఉంటే ప్రాణానికి ప్రాణం అన్నది దాని భావం. ‘ఆపద’ స్థానాన్ని ‘రూపం’ ఆక్రమించింది. తీర్పు తల్లినుండి పిండానికి మరలింది.

ఈ విభజన మొదట మతాల మధ్య జరిగింది కాదు, భాషల మధ్య జరిగింది. అలెగ్జాండ్రియా యూదుడైన ఫిలో గ్రీకు పాఠాన్ని అనుసరించి, రూపుదాల్చిన పిండాన్ని చంపినవాడు మరణార్హుడన్నాడు. యెరూషలేము యాజకవంశీయుడైన జోసీఫసు తన యూదచరిత్రలో పిండనష్టానికి జరిమానాను, తల్లి చనిపోతేనే మరణాన్ని పేర్కొన్నాడు. ఇద్దరూ ఒకే శతాబ్దపు యూదులు.

రబ్బీల శాస్త్రంలో హీబ్రూ పాఠమే నిలిచింది. ప్రసవం కష్టమైనపుడు పిండాన్ని గర్భంలోనే ఖండించి వెలికి తీయాలని, తల్లి ప్రాణమే ముందని మిష్నాలోని ఓహోలోత్ ప్రకరణం విధించింది. అధికభాగం బయటపడిన తరువాత తాకరాదు. ఒక ప్రాణం కోసం మరొక ప్రాణాన్ని బలిచేయరాదు. మొదటి నలభై రోజుల పిండం నీటితో సమానమని తల్మూదులో ఒకచోట ఉంది. వెలుపలికి రానంతవరకు పిండం పూర్ణార్థంలో ప్రాణి కాదని రాషీ వ్యాఖ్యానించాడు. మైమోనిడీసు మరొక హేతువు చూపాడు: తల్లి ప్రాణాన్ని తరుముతున్నవానితో పిండాన్ని పోల్చాడు. రాషీ మార్గంలో అనుమతికి విస్తృతి ఉంది. మైమోనిడీసు మార్గంలో తల్లికి ప్రాణాపాయం లేనిదే అనుమతి కష్టం. 1970ల దశకంలో ప్రాణాంతకమైన టే-శాక్స్ వ్యాధి సోకిన పిండం విషయంలో ఎలియెజరు వాల్డెన్‌బెర్గ్ గర్భస్రావాన్ని అనుమతించగా, మోషే ఫైన్‌స్టైన్ నిషేధించాడు. భిన్నాభిప్రాయం సంప్రదాయం లోపలిదే.

క్రైస్తవుల తొలి బైబిలు గ్రీకు బైబిలు. ‘దిదఖే’ అనే ప్రాచీన ఉపదేశగ్రంథం గర్భస్రావాన్ని, శిశుహత్యను జంటగా నిషేధించింది. జన్మను అడ్డుకోవడం ముందుగా చేసిన నరహత్యయే అని తెర్తుల్లియన్ భావం. క్రీ.శ. 314 నాటి అంకురా సభ గర్భస్రావానికి పదేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. రూపభేదాన్ని పాటించనక్కరలేదని బసీలు అన్నాడు. అగస్టీను మాత్రం గ్రీకు పాఠాన్ని అనుసరించిన లాటిన్ బైబిలు ఆధారంగా, రూపుదాల్చని పిండం విషయంలో ధర్మశాస్త్రం నరహత్యగా పరిగణించలేదన్నాడు. జెరోము హీబ్రూనుండి అనువదించినపుడు ఈ ప్రకరణంలో ‘రూపం’ అదృశ్యమై, తల్లి మరణమే నిలిచింది. అయినా పాశ్చాత్య సంఘం తాను ఆమోదించిన వల్గేటు పాఠాన్ని కాక, అగస్టీను చూపిన రూపభేదాన్నే మధ్యయుగాల ధర్మస్మృతిలో నిలుపుకొన్నది. ఐదవ సిక్స్టసు 1588లో ఆ భేదాన్ని త్రోసివేసి కఠినదండన విధించాడు; పద్నాల్గవ గ్రెగరీ 1591లో సడలించాడు; తొమ్మిదవ పియసు 1869లో తిరిగి తొలగించాడు. గర్భస్రావం పాపమా అన్నది ఈ మార్పులలో ఏనాడూ వివాదం కాదు. అది ఎప్పటినుండి నరహత్య అన్నదే వివాదం.

ఉపసంహారం

ఈ పరిశీలనవల్ల రెండు నిర్ణయాలు తేలుతాయి. మరణశిక్షను వ్యతిరేకించే స్వరం రెండు మతాలలోనూ దండనాధికారం లేనప్పుడు బలంగా వినిపించింది. రబ్బీలు ఆ స్వరాన్ని సాక్ష్యనియమాలుగా మలచి కాపాడుకొన్నారు. క్రైస్తవ సంఘం దానిని విజ్ఞాపనలకే వదిలివేసి, లౌకికరాజ్యాన్ని కోల్పోయిన శతాబ్దానికి పైగా గడిచాక సిద్ధాంతంగా మళ్లీ అందుకొన్నది. గర్భస్థ పిండం విషయంలో భేదానికి బీజం ఒక పదం. దానిని పోషించినది అనువాదంకంటె వ్యాఖ్యాన సంప్రదాయం. వల్గేటు ఉదంతమే ఇందుకు నిదర్శనం.

ఈ చరిత్ర ముగియలేదు. ఒక ప్రసిద్ధ అమెరికన్ అనువాదం 1977 ముద్రణలో ఈ వచనాన్ని గర్భస్రావంగా చెప్పి, 1995 ముద్రణలో అకాల ప్రసవంగా మార్చింది. అప్పుడు ‘ఆసోన్’ శిశువుకు కూడ వర్తిస్తుంది, పరిహారం పిండనష్టానికి కాకుండా పోతుంది. తెలుగు బైబిలు ఇక్కడ ‘గర్భపాతము’ అని చెప్పి, అది కాక కలిగే ‘హాని’ని వేరుచేసింది. గర్భపాతం ఒకటి, హాని మరొకటి అన్న ఈ విభజనవల్ల తెలుగు పాఠం సెప్టువజింట్ పక్షానగాక రబ్బీల హీబ్రూ పఠనం పక్షాన నిలిచింది. తెలుగు క్రైస్తవ సమాజంలో గర్భస్రావంపై వినిపించే బోధ మాత్రం పాశ్చాత్య సంఘాల సంప్రదాయం నుండి వచ్చింది. చేతిలోని పాఠం ఒకవైపు, వేదికపై వ్యాఖ్యానం మరొకవైపు ఉన్న ఈ స్థితి, తెలుగు బైబిలు అనువాదాల తులనాత్మక పరిశోధనలో ప్రత్యేకంగా పరిశీలింపదగిన అంశం.