అంగోరా కుందేలు పిల్ల: ఎంపిక, పోషణ, మాలిమి

అంగోరా అన్నది తుర్కియే రాజధాని అంకారాకు పూర్వనామం. పొడవైన, మెత్తని బొచ్చు గల ఒక మేకకూ, ఒక పిల్లికీ, ఒక కుందేలుకూ ఆ ఊరి పేరే స్థిరపడింది. వీటిలో కుందేలు ఉన్ని అత్యంత సున్నితమైనది. దాని పోగు మందం సుమారు 12 నుంచి 16 మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. నెలకు రెండు, మూడు సెంటీమీటర్ల చొప్పున పెరిగే ఈ ఉన్నిని దాదాపు మూడు నెలలకొకసారి కత్తిరించి తీస్తారు. మన దేశంలో ఈ పెంపకం హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ వంటి చల్లని కొండ ప్రాంతాలలో వేళ్లూనుకుంది. కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు చెందిన కులు లోయలోని గర్సా కేంద్రంలో జర్మన్ అంగోరా కుందేళ్లపై కృషి జరుగుతోంది.

చలికి అనువైన ఈ జీవి ఇటీవలి కాలంలో మైదాన ప్రాంత నగరాలలోని ఇళ్లకూ చేరుతోంది. దుకాణంలో దూదిపింజలా ముడుచుకుని కూర్చున్న పిల్లను చూసి పిల్లలు ముచ్చటపడతారు, పెద్దలు కాదనలేకపోతారు. ఆ తరువాత జరిగేది అందరికీ తెలియదు. సరైన పోషణ లభిస్తే కుందేలు 8 నుంచి 12 సంవత్సరాలు జీవిస్తుంది. అంటే ఐదో తరగతి చదివే బాలుడి కోసం తెచ్చిన పిల్ల, అతడు ఇంజనీరింగ్ పూర్తి చేసేదాకా ఇంట్లోనే ఉంటుంది. అయితే సరిపడని ఆహారం, వేసవి తాపం, చిక్కుపడిన బొచ్చు కారణంగా అనేక పిల్లలు మొదటి సంవత్సరం కూడా దాటవు.

తెచ్చుకునే ముందు

మొదట చట్టం విషయం. పొలాలలో, చిట్టడవులలో కనిపించే చెవులపిల్లి వేరు, పెంపుడు కుందేలు వేరు. చెవులపిల్లికి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ కల్పిస్తున్నది. దానిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. పుట్టుకలోనే ఈ రెండింటికీ భేదం కనిపిస్తుంది. చెవులపిల్లి కూన ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. కుందేలు కూన బోడి ఒంటితో, మూసిన కళ్లతో పుట్టి, పది రోజుల తరువాత గాని లోకాన్ని చూడదు. పెంపుడు జంతువుల దుకాణాల విషయానికి వస్తే, 2018 నాటి నిబంధనల ప్రకారం అవి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. నమోదు పత్రం చూపమని అడగడానికి కొనుగోలుదారు మొహమాటపడనక్కరలేదు. ఇతరులు పోషించలేక వదిలిన కుందేళ్లను చేరదీసే జంతు సంరక్షణ బృందాల ద్వారా దత్తత తీసుకోవడం మరింత మంచి మార్గం.

ఎనిమిది వారాల వయసు నిండని పిల్లను తల్లి నుంచి వేరు చేయరాదు. పాలు మాని గడ్డికి అలవాటుపడే ఆ దశలో పేగులు అతి సున్నితంగా ఉంటాయి. విరేచనాలు మొదలైతే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. అమ్మకందారు చెప్పే వయసును గుడ్డిగా నమ్మక, పిల్ల స్వయంగా ఎండుగడ్డి నమలడం కళ్లారా చూడాలి. కళ్లు, ముక్కు తడి లేకుండా ఉన్నాయా, తోక కింద మలం అంటుకుని ఉందా, చెవుల లోపల గజ్జి పొలుసులు ఉన్నాయా, ముందు పళ్లు పైవి కిందివి సరిగా కలుస్తున్నాయా అన్నవి పరిశీలించాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి వంకరగా ఉంటే ఆ బాధ ఎప్పటికీ తీరదు.

చిన్న వయసులో ఆడ, మగ తేడా గుర్తించడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. రెండూ ఆడవేనని అమ్మకందారు పట్టుబట్టవచ్చు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న సామెత ఊరికే పుట్టలేదు. నాలుగైదు నెలలకే ఈడుకు వచ్చే ఈ జంతువుకు గర్భధారణ కాలం దాదాపు 31 రోజులు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. జంటగా తెచ్చుకునేవారు పశువైద్యుని చేత నిర్ధారణ చేయించుకునేంతవరకు వాటిని వేరుగా ఉంచడమే క్షేమం.

అంగోరా పేరుతో నగరాలలో అమ్ముడయ్యేవి అన్నీ అసలైన అంగోరాలు కావు. మెడ చుట్టూ జూలు ఉండే లయన్‌హెడ్ సంకరాలు, అంతుపట్టని మిశ్రమాలు అందులో కలిసి ఉంటాయి. ఇంటిలో పెంచుకునేవారికి ఇది నష్టమేమీ కాదు. పైగా బొచ్చు తక్కువగా ఉన్న సంకర జాతి పిల్ల మన ఎండలకు కాస్త మెరుగు.

తొలి వారం

కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దాని స్వభావమంతా ఈ ఒక్క విషయంలోనే ఇమిడి ఉంది. తలకు ఇరువైపులా అమరిన కళ్లతో అది దాదాపు చుట్టూ చూడగలదు, కాని సరిగ్గా ముక్కు ఎదుట ఉన్నది దానికి కనిపించదు. పైనుంచి దిగే చేయి దానికి గద్ద కాళ్లను తలపిస్తుంది. కొత్త మనిషి ఒడిలో కదలక మెదలక కూర్చున్న పిల్లను చూసి ఎంత నెమ్మదిగా ఉందోనని మురిసిపోతారు. చాలా సందర్భాలలో అది నెమ్మది కాదు, భయంతో బిగుసుకుపోవడం. కళ్లలో తెల్లగుడ్డు కనిపిస్తున్నా, చెవులు వీపుకు అతుక్కుని ఉన్నా, ఒళ్లు గట్టిపడినా దానిని వెంటనే నేలపై దించాలి. వెల్లకిలా పడుకోబెడితే నిద్రపోతుందని కొందరు చూపే వేడుక కూడా ఇటువంటిదే. ఆ స్థితిలో గుండె దడ, ఒత్తిడి పెరుగుతాయి.

ఇంటికి చేర్చిన తొలి రెండు మూడు రోజులు దానిని దాని మానాన వదిలివేయాలి. టీవీకి, వంటగదికి దూరంగా ఉన్న మూలలో, రెండు వైపులా ద్వారాలు కోసిన అట్టపెట్టె ఒకటి దాగడానికి ఉంచాలి. పాత చోట తిన్న మేతనే కొంత అడిగి తెచ్చుకుని, కొత్త మేతను వారం, పది రోజులలో క్రమంగా కలపాలి. తీగ జల్లెడ అడుగున్న పంజరం పనికిరాదు. కుక్కలకు, పిల్లులకు ఉన్నట్లు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు కాబట్టి తీగలపై పుండ్లు పడతాయి. నున్నటి పాలరాతి నేల కూడా జారిపోతుంది. గోనెపట్టా గాని, జంపఖానా గాని పరిస్తే చాలు. కరెంటు తీగలు మాత్రం అందకుండా చేయాలి. వేళ్లను కొరకడం దాని జాతి స్వభావం, దాని దృష్టిలో తీగ కూడా ఒక వేరే.

నాలుగో రోజు నుంచి మాలిమి చేయడం మొదలుపెట్టవచ్చు. అందుకు ప్రత్యేక విద్య ఏదీ లేదు. కుందేలు చురుకుగా తిరిగేది తెల్లవారుజామున, సంధ్యవేళ. ఆ సమయంలో నేలపై కూర్చుని, పుస్తకమో పత్రికో చదువుకుంటూ, దానివైపు చూడకుండా ఉండాలి. అది వచ్చి వాసన చూస్తుంది, పాదం మీదుగా దూకి పారిపోతుంది, మళ్లీ వస్తుంది. చేయి చాచి పట్టుకోరాదు. కొన్ని రోజులకు కొత్తిమీర రెమ్మను చేతిలో పట్టుకుంటే తీసుకుంటుంది. తరువాత నుదుటిపై, చెంపలపై వేళ్లతో మెల్లగా నిమరనిస్తుంది. గడ్డం కింద, పొట్టపై తాకితే చాలా కుందేళ్లు సహించవు. కొన్నింటికి వారం పడుతుంది, కొన్నింటికి రెండు నెలలు. ఈ తేడా యజమాని ప్రేమలో లోపం కాదు.

నోరులేని జీవి అంటారు గాని దానికి భాష ఉంది. వెనుక కాలితో నేలను గట్టిగా కొడితే ప్రమాద హెచ్చరిక. తలుపులకు, కుర్చీలకు గడ్డం రుద్దితే అది తన సొత్తని ముద్ర వేసుకోవడం. నిమురుతున్నప్పుడు పళ్లు మెల్లగా టకటకలాడిస్తే హాయి, ఒక మూల ముడుచుకుని పటపట కొరుకుతుంటే నొప్పి. ఈ రెండు శబ్దాల మధ్య తేడా తెలుసుకోవడం ఒక్కోసారి ప్రాణం నిలుపుతుంది. ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి, నడుము మెలితిప్పి, కాళ్లు విదిలిస్తే ఇంటిలో తనకు భయం లేదని అర్థం.

ఎత్తుకోవడం చివరి మెట్టు. కుందేలు అస్థిపంజరం దాని బరువులో 7, 8 శాతమే. వెనుక కాళ్లలోని బలం మాత్రం అపారం. వెనుక భాగానికి ఆధారం లేకుండా ఎత్తితే, గాలిలో తన్నుకుని తన వెన్నెముకనే విరుచుకోగలదు. ఒక చేయి ఛాతీ కింద, మరొకటి పిరుదుల కింద ఉంచి, ఒంటికి ఆనించి పట్టుకోవాలి. చెవులు పట్టి ఎత్తడం క్రూరత్వం. పదేళ్లలోపు పిల్లలకు ఒకే నియమం పెట్టడం ఉత్తమం: కుందేలుతో ఆడాలంటే నేలపై కూర్చోవాలి.

బొచ్చు, పేగు

పొడవాటి బొచ్చు గల కుందేలు విషయంలో దువ్వెన, గడ్డి అనే రెండింటినీ విడివిడిగా ఆలోచించలేము. కుందేలు పిల్లిలాగే ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటుంది, కాని పిల్లిలా మింగిన వెంట్రుకలను కక్కలేదు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. మింగినదంతా పేగుల గుండానే పోవాలి. పేగులు కదులుతూ ఉండాలంటే పీచు కావాలి. అందుకే ఆహారంలో అధిక భాగం, దాదాపు ఎనభై శాతం, గడ్డి, ఎండుగడ్డి ఉండాలి. మన ప్రాంతంలో గరికను కోసి నీడలో ఆరబెట్టుకోవచ్చు. మందులు చల్లిన పొలం గట్ల గడ్డి మాత్రం వద్దు. లూసర్న్, దశరథ గడ్డి వంటి పప్పుజాతి మేత పెరిగే వయసులో మంచిదే, ఆరేడు నెలలు దాటాక తగ్గించాలి. అందులోని సున్నం మూత్రంలో మడ్డిలా పేరుకుంటుంది. వరిగడ్డిలో పోషకాలు తక్కువ. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు రోజూ కొద్దిగా ఇవ్వవచ్చు. బొమ్మల పుస్తకాలు నేర్పినదానికి భిన్నంగా క్యారెట్ రోజువారీ తిండి కాదు, తీపి వస్తువు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి, గన్నేరు, జిల్లేడు విషతుల్యాలు.

రాత్రివేళ మెత్తటి, జిగురుగా ఉండే ఒక రకం మలాన్ని కుందేలు నేరుగా తినివేస్తుంది. చూసి అసహ్యించుకుని అడ్డుపడేవారున్నారు. అది రోగం కాదు. ఆవు నెమరు వేసినట్లు, విటమిన్లను రెండోసారి రాబట్టుకునే ఏర్పాటు అది.

గట్టి పెంటికలు వెంట్రుకలతో పూసలదండలా ఒకదానికొకటి అతుక్కుని వస్తుంటే బొచ్చు ఎక్కువగా లోపలికి పోతున్నదని గ్రహించి, దువ్వడం పెంచాలి. పెంటికలు చిన్నవై, తరువాత ఆగిపోయి, పది, పన్నెండు గంటలుగా మేత ముట్టకపోతే అది అత్యవసర పరిస్థితి. ఉదయం చూద్దామని వాయిదా వేసిన రాత్రే చాలా కుందేళ్లు చనిపోతాయి.

పిల్ల బొచ్చు పెద్దవాటి బొచ్చు కంటే త్వరగా ఉండలు కడుతుంది. కాబట్టి మాలిమి అయిన తొలి వారంలోనే రోజుకు రెండు నిమిషాలు వెడల్పు పళ్ల దువ్వెన అలవాటు చేయాలి. చెవుల వెనుక, గడ్డం కింద, చంకలలో, తోక చుట్టూ చిక్కులు ముందుగా పడతాయి. ఉండను పైకి లాగి కత్తెర వేయరాదు. చర్మం పల్చని కాగితంలా లేచి వచ్చి తెగుతుంది. చర్మానికీ ఉండకూ మధ్య దువ్వెన అడ్డుపెట్టి, మొన మొద్దుగా ఉన్న కత్తెరతో కొద్దికొద్దిగా కోయాలి. ప్రదర్శనకు పెంచనివారు బొచ్చును రెండు, మూడు సెంటీమీటర్లకు కత్తిరించి ఉంచడమే తెలివైన పని. స్నానం చేయించరాదు. దట్టమైన బొచ్చు ఆరదు, భయంతో కుందేలు కుప్పకూలవచ్చు. తోక కింద తడి, మురికి ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి. పుట్టిన పురుగులు ఒకటి రెండు రోజులలో చర్మాన్ని తొలిచివేస్తాయి కనుక వానకాలంలో రోజూ చూసుకోవాలి.

వేసవి గండం

కుందేలుకు హాయిగా ఉండే ఉష్ణోగ్రత 15 నుంచి 21 డిగ్రీలు. 30 దాటితే ప్రమాదం మొదలవుతుంది. మే నెలలో విజయవాడ, రామగుండం వంటి చోట్ల 40 డిగ్రీలు దాటడం మామూలే. చెమట పట్టని ఈ జంతువు ప్రధానంగా చెవుల ద్వారానే వేడిని బయటకు పంపుతుంది. ఒంటిపై ఉన్ని కోటు కూడా ఉన్నప్పుడు ఆ రెండు చెవులు ఎంతకని సరిపోతాయి? వేసవిలో పగలంతా చల్లని గది కల్పించలేనివారు పొడవాటి బొచ్చు కుందేలును తెచ్చుకోకపోవడమే న్యాయం. మార్చిలోనే బొచ్చు పొట్టిగా కత్తిరించాలి. గడ్డకట్టించిన నీటి సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఇటువంటి ఏర్పాటే ఆదుకుంటుంది. చెవులు ఎర్రబడి కాలిపోతూ, నోరు తెరిచి రొప్పుతుంటే చెవులను చల్లని నీటితో తడుపుతూ వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మంచు నీటిలో ముంచరాదు.

వైద్యుని ముందుగానే వెతికి పెట్టుకోవాలి. కుక్కలకు వాడే మందులన్నీ కుందేలుకు పనికిరావు. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ తరగతి మందులు పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతాయి. కుక్కల పిడుదులకు రాసే ఫిప్రోనిల్ ప్రాణాంతకం. ఆడ కుందేలుకు ఐదారు నెలల వయసులో గర్భసంచి తొలగింపు చేయిస్తే, నాలుగేళ్లు దాటాక తరచుగా వచ్చే గర్భాశయ క్యాన్సర్ బెడద ఉండదు. వాంతి భయం లేనందున శస్త్రచికిత్సకు ముందు రాత్రంతా పస్తు ఉంచడం అనవసరం, పైగా హానికరం.

ఇంటివారంతా పగలు బయటకు వెళ్లే చోట ఒంటి కుందేలు దిగులుపడుతుంది. రెండోదానిని తేవాలనుకుంటే రెండింటికీ శస్త్రచికిత్స పూర్తి కావాలి. మగదానిలో సంతానశక్తి ఆ తరువాత కూడా కొన్ని వారాలు మిగిలి ఉంటుంది. మొదట పక్కపక్క గూళ్లలో ఉంచి, పరుపుగుడ్డలు మార్చి, ఒకదాని వాసన మరొకదానికి అలవాటు చేయాలి. ఆపై రెండూ ఎరుగని గదిలో, ఎదుట ఉండి, రోజుకు పావుగంట చొప్పున కలపాలి. కాసేపు తరుముకోవడం సహజమే. కరుచుకుంటే విడదీసి కొన్ని రోజులు ఆగాలి. ఒకదాని ముఖాన్ని మరొకటి నాకుతూ, పక్కపక్కనే ఒత్తిగిలి పడుకోవడం మొదలుపెట్టాక గూడు ఒకటి చేయవచ్చు.