తీగలేని తంతి

తంతి అనగానే తీగా, విద్యుత్తూ గుర్తుకొస్తాయి. యంత్రపరిశ్రమ లేని సమాజంలో దూరవార్త అసంభవమనే అభిప్రాయం మన చదువరులలో బలంగానే వుంది. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు.

1794లో ఫ్రాన్సులో పారిస్ నుంచి లీల్ దాకా సుమారు 230 కిలోమీటర్లు వార్త నడిపిన సామగ్రి కర్రలు, తాళ్లు, కప్పీలు, దుర్భిణులు. క్లోద్ షాప్ గుట్టలమీదా, గోపురాలమీదా స్తంభాలు నిలిపి, ఒక్కొక్కదానికి తిరిగే అడ్డదూలమూ, దాని రెండు కొసలా కదిలే చేతులూ అమర్చాడు. 1795 నాటి సంకేతగ్రంథంలో 92 సంజ్ఞలు, 92 పుటలు, పుటకు 92 పదాలు. మొదటి సంజ్ఞ పుటను చెబుతుంది, రెండోది అందులోని పదాన్ని. రెండే సంజ్ఞలతో 8,464 మాటలు! రాత్రివేళా, మంచులోనూ మాత్రం అది మూగది.

ఇందులో కొత్త వస్తువేది? అక్షరాలను అయిదు భాగాలు చేసి దివిటీల లెక్కతో తెలిపే పద్ధతిని క్రీ.పూ. 2వ శతాబ్దిలోనే పొలీబియస్ వర్ణించాడు. దుర్భిణి 1608 నాటికే వుంది. 1684లో రాబర్ట్ హుక్ లండన్ రాయల్ సొసైటీ యెదుట యిలాంటి పథకమే వివరించాడు. మరి 110 యేళ్లు యెందుకు ఆగింది? మేధావి పుట్టకపోవడంవల్ల కాదు. ప్రతి గుట్టమీదా పగలంతా మనుషులను నిలిపి జీతాలివ్వాలి. అనేక రాజ్యాలతో ఒకేసారి యుద్ధంలో పడిన విప్లవప్రభుత్వానికే ఆ ఖర్చు భరించవలసిన అగత్యం కలిగిందని నేననుకుంటాను. 1794 ఆగస్టు 30న కోందే పట్టణం తిరిగి వశమైన వార్త పారిస్ మహాసభకు అందింది. అభినందన ఆనాడే తిరుగుముఖం పట్టింది.

విప్లవం కన్న బిడ్డే అయినా ప్రజల మాట మోయలేదు. దుర్భిణిలో చూసి పై గోపురపు సంజ్ఞను అనుకరించే కూలికి దాని అర్థం తెలియదు. గ్రంథం అధికారుల చేతిలో వుండేది. ఆ గుట్టు ఛేదించినవాడు కూలీ కాదు, ధనికుడు. 1834-36 మధ్య బోర్దోలో ఇద్దరు వ్యాపారి సోదరులు తూర్ పట్టణపు పనివాడికి లంచమిచ్చి, సర్కారు వార్తల మధ్య తప్పుడు సంజ్ఞ దూర్పించారు. దానినిబట్టి పారిస్ రుణపత్రాల ధర యెటు మళ్లిందో టపాబండి రాకముందే తెలుసుకుని బేరాలు చేసుకున్నారు. 1837లో విచారణ జరిగితే, ఆ నేరానికి చట్టమే లేదు. ఆ యేడే వార్తాప్రసారాన్ని ప్రభుత్వ గుత్తం చేస్తూ శాసనం వచ్చింది. ఫ్రాన్సులో సామాన్యుడు తంతి పంపుకోగలిగింది 1851లో, విద్యుత్ తీగలు వచ్చాకనే. అదీ మాటల లెక్కన రుసుము చెల్లించి.