వారసత్వపు సొమ్ములు: పాతబస్తీలోని రెండు వృత్తాంతములు



పెద్దలిచ్చిన సొమ్మును పంచుకొనుట తేలికయా, నిలుపుకొనుట తేలికయా? ఈ ప్రశ్న మన పల్లెలలో ప్రతి యింటను ఏదో యొకనాడు పుట్టుచునే యుండును. తల్లి మెడలోని కాసులపేరు ముగ్గురు కూతుండ్రకు మూడు తునుకలగును. కంసాలి కుంపటిలో పడిన పిమ్మట అది బంగారమే గాని అమ్మ కాసులపేరు కాదు.

ఈ చిక్కును మన శాస్త్రకారులు ఎరుగనివారు కారు. భర్త జీవించియుండగా స్త్రీలు ధరించిన నగలను దాయాదులు పంచుకొనరాదనియు, పంచుకొన్నవారు పతితులగుదురనియు మనువు తొమ్మిదవ యధ్యాయమున విధించెను. దాయవిభాగమున దేశమందు పెక్కుచోట్ల ప్రమాణమైన మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమువాడు. ఆ కల్యాణి పూర్వపు హైదరాబాదు సంస్థానములోనిదే. నేడు కర్ణాటకమున బసవకల్యాణమని పిలువబడుచున్నది. సమీపముననే ఇంతటి శాస్త్రము పుట్టినను మన తగవులు తగ్గినవి కావు. అది వేరుమాట.

ఇక హైదరాబాదు పాతబస్తీకి వత్తము. అచట చౌమహల్లా నగరునందు ఏడవ నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1911లో సింహాసనమెక్కెను. ఆయనకు సంక్రమించిన నగలలో బస్రా ముత్యముల ఏడుపేటల హారము, పచ్చలు, కెంపులు పొదిగిన తలపాగా కలికితురాయిలు ఎన్నియో కలవు. అన్నిటను మిన్న 184 కారట్లకు మించిన జాకబు వజ్రము. దీనిని గోలకొండ రవ్వ యనుకొనువారు కలరు గాని, ఇది దక్షిణాఫ్రికా గనిలోనిదని రత్నపరీక్షకుల మతము. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాను దీనిని అలెగ్జాండర్ జాకబు అను వర్తకుని యొద్ద బేరమాడగా 1891లో కలకత్తా హైకోర్టుదాక వ్యాజ్యము నడచినది. తండ్రి గతించిన పిదప ఆయన పాదరక్ష ముందుభాగమున నిది కుమారునికి దొరకినదనియు, ఆయన దానిని కాగితములపై బరువుగా నుంచుకొనెననియు చెప్పుదురు. తండ్రి సొమ్ము కొడుకున కందిన విధము ఇంత విచిత్రముగా నుండుట అరుదు!

1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరినది. రాజ్యము పోయిన పిమ్మట సొమ్ములు నిలుచు టెట్లు? మహమ్మదీయ ధర్మశాస్త్రము ననుసరించి మృతుని సొత్తు వారసులకు నిర్ణీత భాగములుగా చీలిపోవును. కుమారునకు రెండుపాళ్లు, కుమార్తె కొకపాలు. మరణశాసనమున మూడవవంతుకు మించి వ్రాయుటకు వీలులేదు; అదియును ఒక వారసునికి వ్రాయవలెనన్న తక్కినవారు సమ్మతింపవలెను. నైజామునకు సంతానము మెండు. కావుననే కాబోలు, ఆయన తాను బ్రదికియుండగనే 1951లోను 1952లోను నగలను రెండు ట్రస్టుల క్రింద ధర్మకర్తల కప్పగించెను. జ్యేష్ఠపుత్రుడు ఆజంజా గతించిన తరువాతగాని వాని నమ్మరాదని నియమము పెట్టెను. అయితే బిరుదు మాత్రము కుమారుని దాటి మనుమడు ముకరంజాకు పోవునట్లు చేసెను. నగలొక దారి, బిరుదొక దారి.

నైజాము 1967లోను, ఆజంజా 1970లోను పరలోకగతులైరి. అమ్మకము మాట అంతట వెలికి వచ్చినది. విదేశీయులు కొనవత్తురనగా కేంద్రప్రభుత్వము, ఇవి దేశముయొక్క కళానిధులని అడ్డుపడెను. వ్యాజ్యములు సాగి సాగి, తుదకు 1995లో 173 వస్తువులను 218 కోట్ల రూపాయలకు ప్రభుత్వమే కొనినది. రత్నములు రిజర్వు బ్యాంకు పెట్టెలకు చేరినవి. వారసులకు మిగిలినది ధనము. తాత తలచినది నెరవేరెనా? నగలు చెదరలేదు, ఇంటనూ నిలువలేదు.

రెండవ వృత్తాంతమున సంతానమే లేదు. మీర్ యూసుఫ్ అలీఖాను, అనగా మూడవ సాలార్‌జంగు, 1912 మొదలు 1914 వరకు దివానుగిరి నెరపి, పిమ్మట వస్తుసంగ్రహణమునకే యాయువు ధారవోసెను. ఆయన తాత మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొన్న ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ ఆ యింటనే యుండెను. తాత కొన్నదానిని మనుమడు కాపాడుటయే గాక వేలకొలది వస్తువులు చేర్చెను. కాని వివాహమాడలేదు. 1949 మార్చి 2వ తేదీన, ఎవరికి చెందవలెనో తేలకుండగనే, కన్నుమూసెను. బిడ్డలు లేనియింట బంధువు లధికము గదా! ప్రభుత్వము ఒక సంఘము నేర్పరచి ఆస్తిని కాపాడినది. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి.

వారసులు కోర్టు కెక్కిరి. అయితే ఇచట తగవు మరియొక దారిని ముగిసినది. 1958లో హైకోర్టు తీర్పుననుసరించి రాజీ కుదిరి, సంగ్రహము భారత ప్రభుత్వమునకు దత్తమైనది. 1961లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థయైనది. 1968లో మూసీ దక్షిణపుటొడ్డున నేడున్న భవనమునకు తరలినది. గడియారములో గంటకొట్టు బొమ్మను చూచుటకై పల్లెలనుండి వచ్చు పిల్లలు నేటికిని అచట గుమిగూడుచుందురు. వారిలో ఎందరికి సాలార్‌జంగు పెండ్లికానివాడని తెలియును?

నైజాము నగలు రిజర్వు బ్యాంకునుండి ప్రదర్శనకై 2001లోను, మరల 2006లోను హైదరాబాదు తేబడినపుడు వానిని ఉంచినది ఈ సంతానహీనుని యింటనే. చూడవచ్చిన జనము బారులు తీరిరి. ప్రదర్శన ముగియగనే నగలు పెట్టెలలో పెట్టబడి, మరల బ్యాంకు తాళములలోనికి మరలినవి. పాతబస్తీవాసులు అవి తమ యూరనే నిలువవలెనని అడుగుచునే యున్నారు.