ఆరోగ్యవరంలో రెండు ఎరుపులు



మన పాకాల జంక్షన్‌ నుంచి ఒక రైలుమార్గం తిరుపతికి, ఒకటి కాట్పాడికి, ఇంకొకటి పీలేరు, మదనపల్లె రోడ్డు, కదిరి మీదుగా ధర్మవరానికి పోతాయి. కాట్పాడిలో దిగితే వేలూరు. వేలూరికి పోయినాడంటే ఆసుపత్రికే పోయినాడని మన పక్క అర్థం. మదనపల్లె శానిటోరియం పేరు మాత్రం పెద్దవాళ్లు కొంచెం గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. ఈ రెండు చోట్లా మైక్రోస్కోపు కింద కనబడిన ఒక సంగతి ఈవారం మీతో చెప్పాలని ఉంది.

దక్షిణ భారతంలోని మిషనులు కొన్ని కలిసి మదనపల్లె దగ్గర క్షయరోగులకు ఆసుపత్రి కట్టి, 1915లో తెరిచాయి. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు నుంచి వచ్చిన మిషనరీ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్‌ దొర. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతవరకు విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, కొందరికి ఊపిరితిత్తి పక్కన గాలి ఎక్కించి దాన్ని కదలకుండా ఉంచడం, ఇదే వైద్యం. ఇంట్లో ఒకరికి క్షయ అని తెలిస్తే ఆ ఇంటికి సంబంధాలు రావు, వాళ్ల గ్లాసు వేరు, చాప వేరు. కాబట్టి ఒక మనిషికి ఆ పేరు పెట్టాలా వద్దా అన్నది చిన్న విషయం కాదు. దాన్ని తేల్చడానికి డాక్టరు చేతిలో ఉన్న ముఖ్యమైన పనిముట్టు మైక్రోస్కోపు.

క్షయ క్రిమిని మొదట చూపించినవాడు జర్మనీ దేశపు రాబర్ట్ కోఖ్. 1882 మార్చి 24న బెర్లిన్‌లో ఆ సంగతి ప్రకటించాడు. అంతకుముందు చూసినవాళ్లు లేక కాదు. ఆ క్రిమి ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది, మామూలు రంగు దానికి అంటదు. రంగు అంటకపోతే కంటికి ఆనదు. కోఖ్ తరువాత ఎర్లిఖ్, సీల్, నీల్సన్ అనే వాళ్లు రంగు వేసే పద్ధతిని బాగుచేశారు. తెమడను గాజుపలక మీద పలచగా పూసి, ఆరబెట్టి, సెగ చూపిస్తారు. దాని మీద ఎర్రటి ఫుక్సిన్ రంగు పోసి ఆవిరి లేచేదాకా కింద మంట పెడతారు. వేడికి మైనం మెత్తబడి రంగు లోపలికి దిగుతుంది. తరువాత ఆమ్లంతో కడిగితే మిగతా వాటన్నిటికీ రంగు పోతుంది, క్షయ క్రిమికి మాత్రం పోదు. చివర నీలం రంగు వేస్తారు.

ఆ పలక మీద ఒక చుక్క దేవదారు నూనె వేసి చూసేవాళ్లు. (సొలొమోను మందిరానికి తెప్పించిన దేవదారు కాదు లెండి, ఇది అమెరికాలో పెరిగే వేరే చెట్టు.) వెయ్యింతలు పెద్దదిగా చూపించే అద్దం కింద లేత నీలం నేల, దాని మీద సన్నని ఎర్రటి గీతలు, కొద్దిగా వంగి, ఒక్కోచోట రెండేసి జంటగా. సుమారు మూడు వందల క్రిములు వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఎన్ని ఇళ్లను కూల్చిన రోగమో తెలిసి కూడా, ఆ దృశ్యం అందంగా ఉంటుంది. అందం అనవచ్చా అని కొందరికి అనిపిస్తుంది. అనకపోతే అబద్ధమాడినట్టే అవుతుందని నా ఉద్దేశం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక మిల్లీలీటరు తెమడలో దాదాపు 10,000 క్రిములు ఉంటే తప్ప ఈ పద్ధతిలో కనబడవు. అంటే ఎర్ర గీతలు కనబడితే క్షయ ఉన్నట్టే, కనబడనంత మాత్రాన లేదని చెప్పలేము. ఆరోగ్యవరానికి వచ్చినవారిలో కొందరి సంగతి ఇలాగే తేలలేదు. రాత్రిళ్లు ఆగని దగ్గు, పిల్లికూతలు, జ్వరం, ఒళ్లు తగ్గిపోవడం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా సామలు చల్లినట్టు చుక్కలు. అలాంటి చుక్కలున్న క్షయ ఒకటి ఉంది, దాన్ని మిలియరీ క్షయ అంటారు. ఆ పేరే చిరుధాన్యపు గింజ నుంచి వచ్చింది. అది చాలా ప్రమాదకరమైనది. కానీ వీళ్లు అంత ప్రమాదంలో ఉన్న రోగుల్లాగా లేరు, ఎన్నిసార్లు తెమడ చూసినా ఎర్ర గీత లేదు.

అప్పుడు వాళ్ల రక్తం పలక మీదికి వచ్చింది. తెల్లరక్తకణాల్లో ఒక రకం ఉంటుంది, లోపలంతా దానిమ్మ గింజలు కూరినట్టు నారింజ కలిసిన ఎరుపు రేణువులు. వాటికి పట్టే రంగు ఇయోసిన్. గ్రీకులో వేకువ అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది, తెల్లవారుజామున తూర్పున కనబడే రంగే అది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ కణాలు నూటికి ఒకటో రెండో, మహా అయితే నాలుగో. వీళ్ల రక్తంలో ఎక్కడ చూసినా అవే! 1940లో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే ఇద్దరు దీని గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. క్షయలాగా కనబడుతుంది గాని క్షయ కాదు, రక్తంలో ఈ కణాలు పెరిగే వేరొక స్థితి అని. మూడేళ్ల తరువాత 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ట్రాపికల్ ఇయోసినోఫీలియా అనే పేరు పెట్టాడు. లోకం ఆ పేరునే పట్టుకుంది. మన జిల్లావాళ్లు ముందే చూశారన్న సంగతి ఇక్కడివాళ్లకే తెలియదు.

ఇది చదివినప్పుడు నాకు లేవీయకాండము 13వ అధ్యాయము గుర్తొచ్చింది. మనం విసుగుతో తిప్పేసే పేజీలు అవి. మచ్చ ఉన్నవాణ్ణి యాజకుని దగ్గరికి తెస్తే, అతడు వెంటనే అపవిత్రుడని చెప్పేయడు. వెంట్రుక రంగు చూస్తాడు, మచ్చ చర్మం కన్నా లోతుగా ఉందా అని చూస్తాడు. తేలకపోతే ఏడు దినాలు ఆగి మళ్లీ చూస్తాడు, ఇంకా తేలకపోతే మరో ఏడు దినాలు. పాళెము వెలుపలికి పంపడానికి ఎంత జాగ్రత్తో, పవిత్రుడవని చెప్పి ఇంటికి పంపడానికీ అంతే జాగ్రత్త. ఆరోగ్యవరంలో జరిగింది ఆ రెండో పని. నీకున్నది క్షయ కాదు అని చెప్పాలంటే ఊరికే ఎర్ర గీత కనబడలేదంటే చాలదు, వేరొకటి కనబడాలి. ఆ వేకువ రంగు కణాలు ఆ ఆధారం ఇచ్చాయి. ఆ మాట విన్నవాడికి తన గ్లాసు, తన చాప తిరిగి వచ్చినట్టే కదా.

ఈ స్థితికి కారణమేమిటో తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అది తేల్చిన పనిలో పెద్ద భాగం మన రెండో పట్టా చివర జరిగింది. 1960లో వేలూరు సీఎంసీలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు ఇలాంటి రోగుల ఊపిరితిత్తి, కాలేయం, శోషగ్రంథుల నుంచి తీసిన చిన్న ముక్కలను మైక్రోస్కోపు కింద చూశారు. ఆ ఎర్ర కణాల గుంపుల నడుమ దారపు పోగులాంటి చిన్న జీవి కనబడింది, బోదకాలు తెచ్చే జాతి పురుగు పిల్ల. దోమ కాటుతో ఒంట్లోకి వచ్చేది. శరీరం దాన్ని రక్తంలో తిరగనివ్వకుండా పట్టి, ఆ పోరాటంలో ఊపిరితిత్తులనే గాయపరచుకుంటోంది. బోదకాలుకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజీన్ మాత్రలే దీనికీ పనిచేస్తాయి. సాధారణంగా మూడు వారాల వైద్యం.

మన సంఘంలో ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే దయచేసి దాచకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం, క్షయ అయితే మందులూ ఉచితమే. ఇప్పుడు క్రిమిని పసిగట్టే కొత్త యంత్రాలు కూడా వచ్చాయి. అయినా ఎర్ర రంగు పోసి, ఆమ్లంతో కడిగి, నీలం వేసి చూసే ఆ పాత పలక ఇంకా చాలా ఆసుపత్రుల్లో రోజూ తయారవుతూనే ఉంది. ఈసారి లాబ్ టెక్నీషియన్ ఎవరైనా పరిచయమైతే, ఒక్క నిమిషం చూడనిస్తారా అని అడగండి.