నాజిల్ చెప్పిన చరిత్ర

మొన్న సూర్యాపేట వెళ్తే మా నాన్న డీజిల్ అంబాసిడర్ ఒకటే నల్లపొగ. మెకానిక్ నాలుగు నాజిళ్ళూ విప్పి నా చేతిలో పెట్టాడు, "పంపు షాపులో చూపించుకురా తమ్మీ" అని.

షాపాయన ఒక్కోదాన్నీ టెస్టర్‌కి బిగించి చేత్తో కొట్టాడు. మూడు పొగమంచులా చిమ్మాయి, ఒకటి చుక్కలు కార్చింది. దానికి కొత్త నాజిల్ వేసి, షిమ్ము మార్చి ప్రెషర్ సరిచేశాడు. అంతే!

ఈ షాపులు ఇక్కడికెలా వచ్చాయి? 1897 నాటి డీజిల్ ఇంజన్‌కి ఇంధనం చిమ్మాలంటే పెద్ద గాలి కంప్రెసర్ కావాలి, అది లారీలో పట్టదు. 1927లో జర్మనీ బాష్ కంపెనీ చిన్న పంపులు పెద్దయెత్తున తయారుచేయడం మొదలెట్టాక లారీలకి డీజిల్ అందుబాటులోకి వచ్చింది. 1951లో బెంగుళూరులో మైకో పుట్టింది. 1967లో సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. మిర్యాలగూడలో వరి, వరి వెనక మిల్లులు, మిల్లుల వెనక లారీలు. కోదాడ, సూర్యాపేటలు ఎలాగూ హైవే మీదే. లారీ ఉన్నచోట నాజిల్ పని ఉంటుంది కదా!

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, ఈ చేతి టెస్టర్ సరిపోదు. ఆయన తర్వాత ఇది ఎవరు కొడతారని అడిగా. నవ్వాడు. వాళ్ళబ్బాయీ నాలాగే హైదరాబాదులో సాఫ్ట్‌వేరట.