కాపలా ఒకరిది, ఫిరంగి మరొకరిది

1965లో పుట్టిన సరిహద్దు భద్రతా దళానికి 1971లో, బంగ్లాదేశ్ యుద్ధం ముంగిట, సొంత ఫిరంగి విభాగం ఏర్పడింది. హోం శాఖ కింద ఉండే పోలీసు తరహా బలగం చేతికి సైన్యం వాడే ఫిరంగులు రావడం మామూలు విషయం కాదు. కర్నూలు, కడప సీమల చరిత్ర తెలిసినవారికి అది మరీ వింతగా తోస్తుంది. ఈ నేల మీద పాలెగాడు ఘాట్లు కాచాడు, దారులు కాచాడు, కప్పం కట్టాడు, పిలిస్తే మందితో యుద్ధానికీ పోయాడు. అతని చేతికి పెద్ద ఫిరంగి చిక్కకుండా చూసుకోవడం మాత్రం పైనున్న ప్రభువు పని. పాలెగాళ్లు కత్తి, బరిసె, నాటు తుపాకి దాటి ముందుకు రాలేకపోవడానికి వెనుకబాటుతనమే కారణమంటారు. నా లెక్కలో అది సగం నిజం కూడా కాదు.

వెనుకబాటు వాదానికి అందరూ గండికోటనే సాక్ష్యంగా చూపిస్తారు. విజయనగరం తరఫున పెన్నా లోయను కాచిన పెమ్మసాని వారి కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, కోటలో సాగుతున్న ఫిరంగుల పోతపనిని వర్ణించాడు. మాయీ అనే ఫ్రెంచివాడికి మీర్ జుమ్లా అప్పగించిన పని ఇరవై ఫిరంగులు: పది 48 పౌండ్ల గుండువి, పది 24 పౌండ్లవి. రాగి కోసం గుళ్లలోని విగ్రహాలను తెప్పించి కరిగించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా అనుమానించాడు. కొలిమి వేడి చాలలేదేమోనన్న అనుమానం ఆయనకు కలిగినట్టు లేదు. చివరికి పనికొచ్చే ఫిరంగి ఒక్కటీ తయారు కాలేదు. ఇక్కడ ఓడింది పాలెగాడి పనితనం కాదు, ఐరోపా నుంచి వచ్చిన నిపుణుడిది. ఇంకో సంగతి, కోట చేతికి రాగానే మీర్ జుమ్లా మొదట తలపెట్టిన పనుల్లో ఒకటి ఫిరంగి పోత. దాన్ని ఏ కిందివాడికీ వదలక తన కళ్లెదుటే పెట్టుకున్నాడు.

ఫిరంగికి లోహం ఒక్కటే ఉంటే చాలదు. లాగడానికి ఎద్దుల జతలు కావాలి, మందుకు సూరేకారం కావాలి, నెల తిరిగేసరికి గోలందాజులకు జీతం అందాలి. సూరేకారం కడప సీమలోనే దొరికేది. జీతమే కష్టం. పాలెగాడి బలం మాన్యాల మీద బతికే బలం. కట్టుబడి బంటుకు చేను ఇస్తే కాపలా కాస్తాడు, కానీ చేనుతో ఫిరంగి దళాన్ని పోషించలేరు. పోషించగలిగినవాడు ఇక కాపలాదారుగా మిగలడు, రాజవుతాడు. పై ప్రభువుల భయమంతా అదే.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసినప్పుడు ఇక్కడ సుమారు ఎనభై మంది పాలెగాళ్లున్నారు. ప్రిన్సిపల్ కలెక్టర్ థామస్ మన్రో, జనరల్ క్యాంప్‌బెల్ కలిసి వాళ్ల కోటలను, ఆయుధాలను, మందిని లేకుండా చేశారు. వాళ్లు సరిహద్దు కాచినవాళ్లా, బందిపోట్లు కదా అని మన్రో పక్షంవారు అడుగుతారు. ఊళ్లను దోచిన మాట నిజమే. అయితే కావలి హక్కు పుచ్చుకున్నదీ వాళ్లే, కప్పం కట్టిందీ వాళ్లే. దోపిడీయే అసలు నేరమైతే దోచినవాడినే శిక్షిస్తే సరిపోయేది. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే మన్రో తీరు కటువుగా తోచింది. ఆయన మాత్రం ఆయుధమున్న మధ్యవర్తి అనేవాడే ఉండకూడదని పట్టుబట్టాడు.

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కథలో ఈ భయం నగ్నంగా కనిపిస్తుంది. 1839లో కంపెనీ సేన కర్నూలు కోటలోకి వచ్చి చూస్తే జనానా ఆవరణలోనే ఫిరంగుల పోతశాల, వందల కొద్దీ తుపాకులు, మందుగుండు బయటపడ్డాయి. పోతపని రాని సీమ అన్న మాట అక్కడే తేలిపోయింది. ఆ అక్టోబరులో జొహరాపురం దగ్గర పోరు ముగిసింది, నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. హైదరాబాదులో బయటపడిన వహాబీ కుట్రే అసలు కారణమనే వాదన ఉంది. కుట్ర సంగతి ఎలా ఉన్నా, సంస్థానాన్ని లాక్కోవడానికి ఆ ఆయుధాగారమే ఆధారమైంది.

అయితే 1971 నాటి నిర్ణయం ఎందుకు ఎవరినీ భయపెట్టలేదు? సరిహద్దు భద్రతా దళం జవానుకు మాన్యం లేదు, జీతం ఉంది. గుండూ మందూ ఢిల్లీ నుంచే రావాలి, పైఅధికారిని నియమించేదీ ఢిల్లీయే. ఫిరంగి సరిహద్దుకు వెళ్లింది గాని దాని పోషణ కేంద్రం చేయి దాటలేదు.

కట్టుబడి బంటుకు అలాంటి ఏర్పాటేదీ జరగలేదు. అప్పుడు కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్ల ఖజానా మీద 1846లో పడ్డ పాలెగాళ్ల వంశీయుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి ప్రభుత్వం ఇస్తున్న భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. ఆయన వెంట నడిచినవాళ్లలో మాన్యాలు పోయిన కట్టుబడులు చాలామంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. 1858లో కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తాలూకాలను కర్నూలుకు కలిపి కొత్త జిల్లా చేశారు. కాపలా పని తాలూకా పోలీసులకు వెళ్లింది.